పంపు పీల్చే వైపు చూడండి: మెకానిక్‌లకు, ఆపరేటర్లకు కావిటేషన్ పాఠం

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకంగా పడని నేల మనది. ఇక్కడ నీళ్లంటే పంపే. బోరు మోటార్లు దించి ఎత్తేవాళ్లు, వైండింగ్ షాపుల్లో పనిచేసే కుర్రాళ్లు, ఊరి మంచినీళ్ల ట్యాంకు నింపే ఆపరేటర్లు, శ్రీ సత్యసాయి తాగునీటి పథకంలోనో హంద్రీ-నీవా ఎత్తిపోతల్లోనో షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లు, చీనీ తోటల్లో డ్రిప్ సర్వీసుకు తిరిగేవాళ్లు, ఇలా అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో పంపును నమ్ముకుని నడిచే ఇళ్లు ఎన్నో. వాళ్ల కోసం, ఐటీఐ చదువుతూ ఈ పనిలోకి రావాలనుకునే పిల్లల కోసం ఈ వ్యాసం.

చెప్పదలచుకున్నది ఒక్కటే. పంపు సరిగ్గా పోయడం లేదంటే అందరి చూపూ డెలివరీ వైపే పోతుంది. నీళ్లు ఎంత ఎత్తు ఎక్కుతున్నాయి, ఎంత దూరం పోతున్నాయి, మోటారు ఎన్ని హెచ్.పి. అని లెక్కలు వేస్తాం. కానీ పంపు ఆయుష్షు తేలేది సక్షన్ వైపు. అక్కడ నీటికి ఒత్తిడి చాలకపోతే లోపల బుడగలు పుట్టి, పేలి, ఇనుమును కొరికేస్తాయి. దీన్నే కావిటేషన్ అంటారు. సముద్రంలో ఓడ ప్రొపెల్లరును తినేదీ ఇదే, మన బావి మీద మోటారును తినేదీ ఇదే. దీన్ని గుర్తుపట్టి ఆపగలిగిన మనిషికి హిందూపురంలోనూ పని ఉంటుంది, విశాఖపట్నంలోనూ ఉంటుంది.

నీళ్లు చల్లగా ఉండగానే మరుగుతాయి

నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయని బడిలో చదువుకున్నాం. అది సముద్ర మట్టం దగ్గర మాట. హిందూపురం సముద్ర మట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ 98 డిగ్రీలకే మరుగుతాయి. గాలి ఒత్తిడి తగ్గేకొద్దీ నీళ్లు మరిగే వేడి కూడా తగ్గుతుంది. ఒత్తిడిని ఇంకా ఇంకా తగ్గించుకుంటూ పోతే 30 డిగ్రీల దగ్గర, చేతికి చల్లగా తగిలే నీళ్లే మరిగి ఆవిరి బుడగలవుతాయి.

పంపులో ఇంపెల్లరు తిరిగేటప్పుడు దాని మధ్యలో, నీళ్లు లోపలికి వచ్చే కన్ను దగ్గర ఒత్తిడి బాగా పడిపోతుంది. అక్కడ మరిగే స్థాయి కంటే ఒత్తిడి తగ్గిందంటే సన్న బుడగలు పుడతాయి. ఆ బుడగలు నీటితో పాటు రెక్కల వెంట ముందుకు పోతాయి. రెక్క చివరికి పోయేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది కదా, అక్కడ బుడగలు ఒక్కసారిగా మూసుకుపోతాయి. మూసుకుపోయే క్షణంలో చుట్టూ ఉన్న నీరు సన్నటి ధారగా లోపలికి దూసుకొస్తుంది. ఆ ధార వేగం సెకనుకు 100 మీటర్లు దాటుతుంది. సూది మొనంత చోట ఆ దెబ్బ తగులుతుంది. ఒక్క దెబ్బకు ఏమీ కాదు. అదే చోట గంటల తరబడి, రోజుల తరబడి తగులుతుంటే పోత ఇనుమైనా, ఇత్తడైనా, కంచైనా గుంటలు పడక తప్పదు.

ఓడ దగ్గర ఏం జరిగింది

ఓడ ప్రొపెల్లరు రెక్క నీటిని వెనక్కి తోస్తుంది, అందువల్ల ఓడ ముందుకు పోతుంది. రెక్కకు ఒక వైపు ఒత్తిడి పెరుగుతుంది, రెండో వైపు తగ్గుతుంది. తోపు పుట్టేది ఈ తేడా నుంచే. తోపు ఎక్కువ కావాలని వేగం పెంచితే, తగ్గే వైపు ఒత్తిడి మరీ పడిపోయి బుడగలు మొదలవుతాయి. రెక్క అంచుల దగ్గర వేగం ఎక్కువ కాబట్టి ముందు అక్కడే కనిపిస్తాయి. బుడగలు రెక్కను కప్పేస్తే ప్రొపెల్లరుకు నీటి మీద పట్టు పోతుంది. ఇంజను ఎంత తిప్పినా ఓడ వేగం పెరగదు.

బ్రిటన్‌లో 1890లలో వేగంగా పోయే యుద్ధ నౌకలు కట్టేటప్పుడు ఈ చిక్కు బయటపడింది. ఆవిరి టర్బైను కనిపెట్టిన చార్లెస్ పార్సన్స్ 1894లో టర్బీనియా అనే చిన్న ఓడ కట్టారు. ఇంజను బలంలో లోపం లేదు, కానీ ఒకే ఒక్క ప్రొపెల్లరుతో అనుకున్న వేగం రాలేదు. ఆయన 1895లో ఒక చిన్న నీటి సొరంగం చేయించి, లోపల ఒత్తిడి తగ్గించి, బుల్లి ప్రొపెల్లరు తిప్పి, బుడగలు ఎక్కడ పుడుతున్నాయో కళ్లారా చూశారు. ఆ తర్వాత ఒకే ప్రొపెల్లరు మీద పడే భారాన్ని పంచేశారు. మూడు షాఫ్టులు పెట్టి, ఒక్కో షాఫ్టుకు మూడు చొప్పున తొమ్మిది ప్రొపెల్లర్లు బిగించారు. 1897లో స్పిట్‌హెడ్ నౌకా ప్రదర్శనలో టర్బీనియా 34 నాట్లు దాటి పరుగెత్తింది. 1917లో లార్డ్ రేలీ ఒక్క బుడగ మూసుకుపోయేటప్పుడు ఎంత ఒత్తిడి పుడుతుందో గణితంతో చూపించారు.

పార్సన్స్ ఒక్క టర్బైను స్థానంలో షాఫ్టుకొకటి చొప్పున మూడు పెట్టారు. రెక్క మీద పడే భారం తగ్గించి నీటికి ఊపిరి ఆడనిచ్చారు. ఈ నాటికీ పెద్ద సరుకు ఓడలకు వెడల్పాటి, మెల్లగా తిరిగే ప్రొపెల్లరే పెడతారు. 9 మీటర్ల పైబడిన వ్యాసంతో నిమిషానికి దాదాపు నూరు చుట్లు తిరిగేవి ఉన్నాయి. సాధారణంగా వీటిని నికెల్, అల్యూమినియం కలిపిన కంచుతో పోస్తారు. రెక్క అంచు ఎక్కడైనా వంగినా, చెక్కుపోయినా డ్రై డాక్‌లో ముందు దాన్నే సరిచేస్తారు. అంచు ఆకారం చెడితే అక్కడే బుడగలు లేస్తాయని వాళ్లకు తెలుసు.

ఈ విద్య మన రాష్ట్రానికి దూరమేమీ కాదు. విశాఖపట్నంలో 1969లో ఏర్పడిన నౌకా విజ్ఞాన, సాంకేతిక ప్రయోగశాల ఎన్.ఎస్.టి.ఎల్.లో కావిటేషన్ టన్నెల్ ఉంది. నౌకాదళ ఓడల ప్రొపెల్లర్ల నమూనాలను అందులో తిప్పి బుడగలు ఏ వేగం దగ్గర మొదలవుతాయో పరీక్షిస్తారు. జలాంతర్గామికి ఇది ప్రాణంతో సమానమైన సంగతి. బుడగలు చప్పుడు చేస్తాయి, ఆ చప్పుడును శత్రువు నీటిలో ఎంతో దూరం నుంచి పట్టేస్తాడు.

మన పీఠభూమి లెక్క

ఓడ ప్రొపెల్లరుకు ఉన్న ఒక అదృష్టం మన బావి పంపుకు లేదు. ప్రొపెల్లరు నీటిలో మునిగి ఉంటుంది. గాలి ఒత్తిడి మీద పైనున్న నీటి బరువు కూడా దానికి తోడవుతుంది. గట్టు మీద కూర్చున్న పంపు కింద నుంచి నీటిని పీల్చాలి. పీల్చే ప్రతి మీటరూ దానికున్న ఒత్తిడిలోంచి తరిగిపోతుంది. అందుకే కావిటేషన్ విషయంలో ఓడ కంటే మన పంపే ఎక్కువ ప్రమాదంలో ఉంది.

లెక్క కష్టమేమీ కాదు, నోటితో వేసుకోవచ్చు. సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి 10.3 మీటర్ల నీటి ఎత్తుకు సమానం. అనంతపురం పట్టణం దగ్గర అది సుమారు 9.9 మీటర్లు, హిందూపురం దగ్గర 9.6 మీటర్లు. ఇదే మన మూలధనం. ఇందులోంచి మూడు కోతలు పడతాయి.

మొదటిది వేడి. 20 డిగ్రీల నీటికి పావు మీటరు తీసేస్తే చాలు. మే నెలలో ఎండకు కాగిన ఫారం పాండు నీళ్లు 35 డిగ్రీలు ఉంటే సుమారు 0.6 మీటరు తీసేయాలి. రెండోది ఎత్తు. నీటి మట్టం నుంచి పంపు మధ్య దాకా ఎన్ని మీటర్లుంటే అన్నీ పోతాయి. మూడోది రాపిడి. ఫుట్ వాల్వు, జల్లెడ, బెండ్లు, పైపు అన్నీ కలిసి తినేది.

హిందూపురం పక్కన ఒక బావి అనుకుందాం. పంపు నీటి మట్టానికి 6 మీటర్ల పైన ఉంది. రాపిడి 1 మీటరు. 9.6లోంచి 0.6, 6, 1 తీసేస్తే మిగిలేది 2 మీటర్లు. కంపెనీ ఇచ్చే పంపు చార్టులో ఎన్.పి.ఎస్.హెచ్. అని ఒక గీత ఉంటుంది. కావిటేషన్ రాకుండా ఆ పంపుకు కన్ను దగ్గర ఎంత ఒత్తిడి కావాలో అది చెబుతుంది. ఈ పంపుకు 3 మీటర్లు కావాలని ఉందనుకోండి. ఇక్కడ 2 మాత్రమే ఉంది. మోటారు ఎంత కొత్తదైనా ఈ పంపు గరగరమంటుంది, కొన్నాళ్లకు ఇంపెల్లరు పోతుంది. అదే పంపును బావి లోపల గట్టు కట్టి 2 మీటర్లు కిందికి దించితే 4 మీటర్లు మిగులుతుంది. కావలసినదానికి ఒక మీటరు ఎక్కువే. ఇంతే తేడా.

విశాఖ తీరాన ఇదే పంపుకు 0.7 మీటరు ఎక్కువ ఒత్తిడి దొరుకుతుంది. కోస్తాలో బాగా నడిచిన ఏర్పాటును అలాగే తెచ్చి మడకశిరలో బిగిస్తే నడవకపోవడానికి కారణం ఇది. పంపు కొనిపించే ముందు ఈ లెక్క వేసి రైతుకు చూపించండి. ఎవరో చెప్పారని పెద్ద మోటారు కొనేవాడికి మీ కాగితం ముక్క వేల రూపాయలు మిగులుస్తుంది.

మూడు రోగాలు, మూడు గుర్తులు

పంపు సరిగ్గా పోయకపోవడానికి కావిటేషన్ ఒక్కటే కారణం కాదు. గాలి పీల్చడం, ఇసుక అరగదీయడం కూడా ఉన్నాయి. ఒక దానికి వేసే మందు ఇంకొకదానికి పనికిరాదు. అందుకే ముందు రోగం తేల్చాలి.

కావిటేషన్ అయితే పంపు లోపల గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడు వస్తుంది. వణుకు ఉంటుంది. నీళ్లు తగ్గుతాయి. ఆమ్‌మీటరు ముల్లు మామూలు కంటే కిందికి దిగుతుంది. గాలి పీలుస్తుంటే చప్పుడు ఒకే తీరుగా ఉండదు. డెలివరీ నీళ్లు తెల్లగా, గుక్కలు గుక్కలుగా పడతాయి. ఒక్కోసారి పంపు పూర్తిగా పట్టు వదిలేస్తుంది, మళ్లీ నీళ్లు పోసి ఎక్కించాలి. గ్లాండ్ దగ్గర, సక్షన్ ఫ్లేంజ్ దగ్గర సబ్బు నురుగు పూసి చూడండి. పంపు నడుస్తుండగా నురుగు లోపలికి పీల్చుకుపోతుంటే అక్కడే లీకు.

సక్షన్ వైపు ఒక వ్యాక్యూమ్ గేజ్ పెట్టుకోండి. మంచి మెకానిక్ బ్యాగులో అది తప్పకుండా ఉండాలి. గేజ్ మీద 100 మిల్లీమీటర్ల పాదరసం అంటే 1.36 మీటర్ల నీరు. ఉదాహరణకు టేపుతో కొలిస్తే నీటి మట్టం 4 మీటర్ల కింద ఉంది. పంపు నడుస్తుండగా గేజ్ 450 చూపిస్తోంది. అంటే దాదాపు 6.1 మీటర్లు. ఎత్తు 4 పోతే మిగిలిన రెండు మీటర్ల పైచిలుకు రాపిడిలో పోతోంది. జల్లెడకు పాచి పట్టిందో, ఫుట్ వాల్వు పూర్తిగా తెరుచుకోవడం లేదో, పైపు సన్నగా ఉందో వెతకండి. అలా కాకుండా గేజ్ ముల్లు ఉండాల్సినదానికంటే తక్కువ చూపుతూ ఊగుతుంటే గాలి దూరుతోందని అర్థం.

పంపు విప్పాక ఇంపెల్లరును కడిగి వెలుతురులో పెట్టి చూడండి. కావిటేషన్ తిన్న చోట లోహం గరుకుగా, గుంటలు గుంటలుగా, ఒక గుంటలో ఇంకో గుంటగా ఉంటుంది. ఎక్కువగా రెక్క మొదట్లో, కన్ను దగ్గర, ఒత్తిడి తగ్గే వైపునే ఉంటుంది. మిగతా రెక్క కొత్తగా మెరుస్తూ ఉండొచ్చు. ఇసుక తిన్న ఇంపెల్లరు తీరు వేరు. లోహం నున్నగా అరుగుతుంది, నీరు పోయే దారి వెంట గీతలు పడతాయి, రెక్కల కొసలు, వేర్ రింగులు ఎక్కువగా పోతాయి. తుప్పు అయితే అంతటా పరుచుకుంటుంది. గోటితో నిమిరి చూస్తే ఈ మూడూ తేలిపోతాయి. పాత ఇంపెల్లర్లు తుక్కులో వేసే ముందు ఒక్కో రకానిది ఒకటి షాపులో గోడకు తగిలించుకోండి. కొత్తగా చేరిన కుర్రాడికి అంతకు మించిన పాఠ్యపుస్తకం లేదు.

షెడ్డులో నిలబడి చేయాల్సింది

రైతు ఫోన్ చేసి పిలిచాడనుకుందాం.

"ఏమప్పా, మోటారు పొద్దున్నుంచి గరగరమంటాండాది. నీళ్లు సగం కూడా రావడం లేదు. బేరింగ్ పోయిందేమో?"

"బేరింగ్ తర్వాత చూద్దాం అన్నా. ముందు డెలివరీ వాల్వు రోంత తిప్పుతా, చప్పుడు విను."

ఈ ఒక్క పరీక్ష చాలా చెబుతుంది. డెలివరీ వాల్వు కొంచెం మూస్తే నీటి ప్రవాహం తగ్గుతుంది. ప్రవాహం తగ్గితే సక్షన్ పైపులో రాపిడి తగ్గుతుంది, పంపుకు కావలసిన ఒత్తిడీ తగ్గుతుంది. గరగర ఆగిపోయిందంటే అది కావిటేషనే. చప్పుడు ఏమాత్రం మారకపోతే అప్పుడు బేరింగ్, కప్లింగ్ చూడండి. మరమ్మతు దాకా పంపును అలా కొంచెం మూసి నడపొచ్చు. అలాగని మరీ బిగించేస్తే లోపల నీళ్లు తిరగబడి మళ్లీ అదే దెబ్బ తగులుతుంది, పంపు వేడెక్కుతుంది. సక్షన్ వైపు వాల్వు ఉంటే దాన్ని మాత్రం ఎప్పుడూ మూసి నడపకండి. ప్రవాహం తగ్గించడానికి సక్షన్ వాల్వు తిప్పే అలవాటు పంపు గొంతు నొక్కడమే.

ఇక శాశ్వతంగా చేయాల్సినవి. జల్లెడ, ఫుట్ వాల్వు శుభ్రం చేయండి. ఫుట్ వాల్వు ఎండాకాలపు నీటి మట్టానికి కనీసం మూడడుగుల కింద, బావి అడుగుకు అడుగున్నర పైన ఉండేలా చూడండి. సక్షన్ పైపు వీలైనంత పొట్టిగా, తిన్నగా ఉండాలి. 3 అంగుళాల పైపు తీసి 4 అంగుళాలది వేస్తే అంతే నీటికి రాపిడి సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. పంపు నోట్లోనే బెండు బిగించకండి. పైపు వ్యాసానికి ఐదు రెట్ల పొడవు తిన్నటి ముక్క పెట్టాక బెండు రావాలి. పెద్ద పైపు నుంచి పంపు నోటికి తగ్గించేటప్పుడు ఒక వైపు చదునుగా ఉండే రెడ్యూసర్ వాడి, ఆ చదును వైపు పైకి పెట్టండి. లేకపోతే పైన గాలి నిలుస్తుంది. పైపు పంపు వైపు కొంచెం కొంచెంగా ఎక్కుతూ రావాలి, మధ్యలో ఎక్కడా గూను ఉండకూడదు.

వీటితోనూ లెక్క కుదరకపోతే పంపును కిందికి దించండి, లేదా వేగం తక్కువ పంపు వాడండి. 2,880 చుట్ల పంపు చవక, చిన్నది. కానీ ఒకే పంపు వేగం రెట్టింపు చేస్తే దానికి కావలసిన సక్షన్ ఒత్తిడి సుమారు నాలుగు రెట్లు అవుతుంది. లోతు బావి గట్టు మీద 1,440 చుట్ల పంపే మేలు. పుల్లీ మార్చి వేగం పెంచమని ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పి ఒప్పించండి.

గుంటలు పడిన ఇంపెల్లరుకు లోహపు పేస్టు పూసి కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. ఎక్కువ తిన్నదైతే మార్చాల్సిందే. పోత ఇనుము కంటే కంచు, కంచు కంటే స్టెయిన్‌లెస్ స్టీలు సాధారణంగా ఎక్కువ తట్టుకుంటాయి. కానీ కారణం తీసేయకుండా ఎంత మంచి లోహం పెట్టినా అది వాయిదా వేయడమే అవుతుంది.

పని మొదలుపెట్టే ముందు ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి. ఆటో స్టార్టర్ ఉన్న చోట కరెంటు వచ్చిందంటే మోటారు దానంతటదే తిరుగుతుంది. పంపులో వేలు పెట్టి ఉన్నప్పుడు ఆ క్షణం రాకూడదు. పాత బావిలోకి ఒంటరిగా దిగకండి. గాలి ఉందో లేదో చూసుకుని, నడుముకు తాడు కట్టుకుని, గట్టు మీద ఇంకో మనిషిని నిలబెట్టి దిగండి.

బోరు మోటారు సంగతి వేరు

సబ్‌మెర్సిబుల్ పంపు నీటిలోనే మునిగి ఉంటుంది కాబట్టి, ఓడ ప్రొపెల్లరులాగే దానికి పైనుంచి నీటి బరువు తోడుంటుంది. మట్టం బాగున్నంత కాలం కావిటేషన్ భయం తక్కువ. మన చిక్కు మట్టం నిలవకపోవడం. వందల అడుగుల బోరులో కూడా ఊట సన్నగా ఉంటుంది. పెద్ద పంపు దించితే కాసేపట్లోనే నీళ్లన్నీ లాగేసి, మట్టం పంపు దాకా వచ్చి, గాలీ నీళ్లూ కలిపి పీలుస్తుంది. మోటారుకు చల్లదనం ఇచ్చేది దాని పక్క నుంచి పోయే నీరే కాబట్టి, ఆ నీరు ఆగితే వైండింగ్ కాలుతుంది.

అందుకని పంపు దించే ముందు బోరు ఊట కొలవండి. ఆగి ఉన్నప్పుడు మట్టం ఎంత, గంటల తరబడి నడిపాక ఎంత దిగింది అని రెండూ రాసుకోండి. ఊటకు మించి లాగని పంపే ఎంచండి. డ్రై రన్ రక్షణ ఉన్న ప్యానెల్ తప్పనిసరిగా పెట్టించండి. కాలిన వైండింగ్ కట్టి ఇచ్చేటప్పుడు ఎందుకు కాలిందో కనుక్కోకుండా పంపకండి. కారణం అలాగే ఉంటే అదే మోటారు మళ్లీ మీ షాపుకే వస్తుంది, రైతు అప్పు మాత్రం పెరుగుతుంది.

పెద్ద పథకాల్లో పనిచేసేవాళ్లకు

హంద్రీ-నీవా మొదటి దశ కాలువ శ్రీశైలం జలాశయం అంచున మల్యాల దగ్గర మొదలై, మెట్టు మెట్టుగా నీటిని ఎత్తుకుంటూ సుమారు 216 కిలోమీటర్లు నడిచి బెళుగుప్ప మండలం జీడిపల్లి జలాశయానికి చేరుతుంది. 2012లో కృష్ణా నీళ్లు ఈ దారిన వచ్చాయి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. వేసవిలో అది ఎంతో కిందికి పోతుంది. మట్టం తగ్గినప్పుడు కూడా నీళ్లు అందేలా ముచ్చుమర్రి ఎత్తిపోతల వచ్చింది. ఇంత పెద్ద పథకంలో కూడా అసలు ప్రశ్న సక్షన్ వైపుదే. పంపు నోటి మీద ఎన్ని అడుగుల నీరు ఉంది అన్నదే.

ఇలాంటి చోట కనీస నీటి మట్టం ఎంతో ప్యానెల్ పక్కన రాసి ఉంటుంది. దాని కంటే కిందికి పోయాక పంపు నడపమని ఎవరు చెప్పినా, ఆ మాట లాగ్‌బుక్కులో రాసి పై అధికారి సంతకం అడగండి. సంప్‌లో నీరు సుడి తిరుగుతోందంటే పంపు గాలి పీల్చబోతోందని అర్థం, వెంటనే చెప్పండి. చెత్త ఆపే కమ్మీల ముందూ వెనుకా నీటి మట్టాల్లో తేడా పెరిగితే కమ్మీలు పూడుకుపోతున్నాయని గుర్తు. సక్షన్ గేజ్, డెలివరీ గేజ్, ఆంపియర్లు, సంప్ మట్టం, చప్పుడు, ఈ ఐదూ ప్రతి గంటా రాసే ఆపరేటరు చేతిలో పంపు ఎక్కువ కాలం బతుకుతుంది. ఏదైనా పాడైనప్పుడు ఆ పుస్తకమే మీ తరఫున మాట్లాడుతుంది.

ఇక్కడి నుంచి ఎక్కడికి

పదో తరగతి తర్వాత ఈ దారిలోకి రావాలంటే ఐటీఐలో పంప్ ఆపరేటర్ కమ్ మెకానిక్ ఏడాది ట్రేడు, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్ల ట్రేడులు. ఓడల వైపు పోవాలనుకుంటే ఫిట్టర్, వెల్డర్ మంచివి. గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ మన జిల్లాలోనే ఉంది. అక్కడి శిక్షణల గురించి అడిగి తెలుసుకోండి.

విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డ్, నేవల్ డాక్‌యార్డ్ ఉన్నాయి. స్వతంత్ర భారతంలో మొదటి ఓడల్లో ఒకటైన జల ఉష 1948లో జలప్రవేశం చేసింది ఆ షిప్‌యార్డ్ నుంచే. ఐటీఐ చదివినవాళ్లను ఈ సంస్థలు అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని ప్రకటనలు చూస్తూ ఉండండి. ఓడ మరమ్మతులో ప్రొపెల్లరు అంచులు సరిచేయడం, కంచు వెల్డింగ్, సముద్రపు నీటి పంపులు విప్పడం అన్నీ మన పనికి అన్నదమ్ములే.

ఓడ ఎక్కి పనిచేయాలనుకునేవాళ్లకు ఒక సంగతి. ఆయిల్ ట్యాంకర్లలో పంప్‌మ్యాన్ అనే ఉద్యోగమే ఉంటుంది. ట్యాంకు ఖాళీ అయ్యేటప్పుడు మట్టం తగ్గి పంపు కావిటేషన్‌లోకి పోకుండా వేగం తగ్గించడం అతని పనిలో భాగం. పెట్రోలు నీటి కంటే చాలా సులువుగా ఆవిరవుతుంది కాబట్టి అక్కడ చెవి ఇంకా చురుగ్గా ఉండాలి. అయితే ఆ ఉద్యోగానికి నేరుగా పోలేరు. డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ గుర్తించిన సంస్థలో శిక్షణ పొంది, సర్టిఫికెట్లు సంపాదించి, కింది మెట్టు నుంచి ఎదగాలి. లక్షలు తీసుకుని ఓడ ఎక్కిస్తామనే ఏజెంట్లను నమ్మకండి. ఆ కంపెనీకి నియామక లైసెన్సు ఉందో లేదో డైరెక్టరేట్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. అప్పు చేసి డబ్బు కట్టే ముందు ఇంట్లో పెద్దవాళ్లకు ఆ జాబితా చూపించండి.

ఇంటర్వ్యూలో కావిటేషన్ గురించి అడిగితే నిర్వచనం అప్పజెప్పి ఊరుకోకండి. ఒక పంపు గురించి చెప్పండి. నీటి మట్టం ఎంత లోతు, గేజ్ ఎంత చూపింది, ఏం చేస్తే చప్పుడు ఆగింది, ఇంపెల్లరు విప్పితే గుంటలు ఎక్కడున్నాయి. చేత్తో పనిచేసిన మనిషిని ఎదుటివాడు రెండు మాటల్లో పట్టేస్తాడు. అందుకోసమైనా ఇప్పటి నుంచే ఒక నోటుబుక్కు పెట్టుకోండి. చూసిన ప్రతి పంపుకూ ఒక పేజీ. ఊరు, బావి లోతు, సక్షన్ ఎత్తు, పైపు సైజు, గేజ్ లెక్క, దొరికిన లోపం, చేసిన పని. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకం ఏ సర్టిఫికెట్‌కూ తీసిపోదు.

కరువు నేలలో పంపు పాడైతే ఒక్కోసారి పంటే పోతుంది. చెట్టు చచ్చాక మోటారు బాగుచేసి ఇచ్చినా రైతుకు ఉపయోగం లేదు. కాబట్టి వచ్చే ఎండాకాలం మొదలుకాకముందే మీ చేతి కింద ఉన్న పంపులన్నిటికీ సక్షన్ ఎత్తు కొలిచి, జల్లెడలు కడిగి, లెక్క వేసి పెట్టండి. ఏ పంపుకు మిగిలే ఒత్తిడి అది కోరేదానికంటే అర మీటరు కూడా ఎక్కువ లేదో, ముందు దాని దగ్గరికి వెళ్లండి.